వెన్నులో నీళ్ళు తీస్తే నడుం పడిపోదమ్మా

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఖమ్మం జిల్లా. మా ఆయనకు 36 ఏళ్ళు, సుతారి పని చేస్తారు. ఇరవై రోజులుగా సాయంత్రం పూట జ్వరం, తలనొప్పి. మా ఊరి ఆర్ఎంపీ రక్తం పరీక్ష చేయించి టైఫాయిడ్ అని ఐదు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు ఇచ్చారు. తగ్గింది, నాలుగు రోజులకే మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ అంతే. పోయిన వారం నుంచి వాంతులు, మగత, పొంతన లేని మాటలు. మొన్న మా నాలుగేళ్ళ పాపను చూసి ‘ఎవరీ పిల్ల’ అన్నారు. మా అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఇప్పుడు టౌన్‌లో ఆసుపత్రిలో చేర్చాం. తలకు స్కాన్ తీసి, బ్రెయిన్ ఫీవర్‌లా ఉంది, వెన్నులో నీళ్ళు తీసి పరీక్ష చేయాలి, సంతకం పెట్టమంటున్నారు. నీళ్ళు తీస్తే నడుం పడిపోయి జీవితాంతం మంచంలోనే ఉంటాడని చుట్టాలంతా భయపెడుతున్నారు. పెట్టమంటారా?

దీనికి నేను వెంటనే పంపిన జవాబు ఒక్క లైను: ‘సంతకం పెట్టండి, ఇప్పుడే పెట్టండి.’ నాలుగు రోజులకు ఆమె మళ్ళీ రాశారు: సంతకం పెట్టాను, రిపోర్టు ఫోటో పంపుతున్నాను, మెదడుకి టీబీ అంటున్నారు, కానీ మిషన్ మీద చేసిన పరీక్షలో టీబీ లేదనే వచ్చింది, ఆయనకు దగ్గు కూడా లేదు, లేని జబ్బుకి ఏడాది పాటు మందులేంటి, ఉంటే పిల్లలకు అంటుకుంటుందా?

సమాధానం: అమ్మా, మొదటిసారి ఒక్క లైనుతో సరిపెట్టానని ఏమీ అనుకోకండి. ఆ పూట మీకు కావలసింది పాఠం కాదు, అవునో కాదో. ఇప్పుడు మందులు మొదలయ్యాయి కాబట్టి తీరిగ్గా చెప్తాను, పైగా ఇదే భయంతో సంతకం పెట్టకుండా మనిషిని బండెక్కించి ఇంటికి తీసుకుపోయినవాళ్ళను నా సర్వీసులో చాలామందినే చూశాను, వాళ్ళలాంటి వాళ్ళు కూడా ఇది చదువుతారని ఆశ.

ముందు ఆ నీళ్ళ సంగతి. మెదడు, వెన్నుపాము ఒక నీటి సంచిలో తేలుతూ ఉంటాయి. ఆ నీరు రోజుకి దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతుంది, పాతది రక్తంలోకి ఇంకిపోతుంది, ఏ సమయంలో చూసినా లోపల ఉండేది 150 మిల్లీలీటర్లు. పరీక్షకు తీసేది పది మిల్లీలీటర్లు అటూ ఇటూ, అంటే రెండు చెంచాలు. అరగంటలో మళ్ళీ ఊరిపోతుంది. ఇక నడుం పడిపోవడం: వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుంది, సూది గుచ్చేది దానికి రెండు మూడు ఎముకల కింద, అక్కడ ఉండేవి జడకుచ్చులు విప్పి నీళ్ళలో వదిలినట్టు తేలే సన్నని నరాలు, సూది తగిలితే పక్కకు జరిగిపోతాయి. మీకు ఇద్దరు పిల్లల్లో ఎవరైనా ఆపరేషన్‌తో పుట్టారా? పుట్టి ఉంటే మీకు మత్తు సూది ఇచ్చింది అక్కడే. అప్పుడు మీ అత్తగారు నడుం పడిపోతుందని అడ్డం పడలేదు కదా. అదే చోటు, అలాంటి సూదే, కాకపోతే అక్కడ మందు లోపలికి పోతుంది, ఇక్కడ నీరు బయటికి వస్తుంది.

మరి ఈ మాట ఊళ్ళలో ఎలా పుట్టిందంటే, నా అనుభవం కొద్దీ చెప్తున్నాను, నీళ్ళు తీసిన తర్వాత కాళ్ళు పడిపోయినవాళ్ళను జనం నిజంగానే చూశారు. అవి పడిపోయింది జబ్బు వల్ల. సంతకం పెట్టడానికి చుట్టాలంతా వచ్చి చర్చించుకునేలోపు వారం గడిచి, మనిషి స్పృహ తప్పాక చేసిన పరీక్ష అది. నింద మాత్రం సూది మీద పడింది. ఈ పరీక్షలో అసలు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది: తల లోపల పెద్ద గడ్డో, ఒకవైపుకి తోసేసే వాపో ఉంటే కింద నీరు తీయకూడదు, అందుకే మగతగా ఉన్నవాళ్ళకి, ఫిట్స్ వచ్చినవాళ్ళకి ముందు స్కాన్ తీస్తారు. మీ వాళ్ళు అదే చేశారు. స్కాన్ ఎందుకు, డబ్బులు గుంజడానికా అని మీ మరిది అడిగాడని రాశారు, ఇదుగో ఇందుకు. పరీక్ష అయ్యాక కొంతమందికి లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే హాయి, అలా కొన్ని రోజులు ఉంటుంది, నీళ్ళు బాగా తాగించి పడుకోబెడితే చాలామందికి దానంతట అదే పోతుంది.

ఇప్పుడు మీరు పంపిన రిపోర్టు. ఫోటో కాస్త మసకగా ఉంది గానీ అంకెలు కనిపిస్తున్నాయి: కణాలు 210, అందులో నూటికి 85 లింఫోసైట్లు అనే రకం తెల్లకణాలు, ప్రొటీన్ 180, షుగర్ 28. కింద పెన్నుతో ఎవరో ‘రక్తంలో షుగర్ 118’ అని రాశారు చూడండి, ఆ రాసిన డాక్టరుకి దండం పెట్టాలి, ఎందుకంటే ఆ అంకె లేకపోతే 28కి అర్థమే లేదు. మామూలు మనిషికి వెన్ను నీటిలో కణాలు ఐదుకి మించవు, ప్రొటీన్ 45 దాటదు, షుగర్ మాత్రం రక్తంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు ఉండాలి. 118కి లెక్క వేస్తే 75, 80 దగ్గర ఉండాల్సింది 28 ఉంది. ఎవరో తినేస్తున్నారన్నమాట. వైరస్ అయితే సాధారణంగా షుగర్ జోలికి పోదు. మామూలు బ్యాక్టీరియా అయితే షుగర్ తగ్గుతుంది, కానీ అప్పుడు కణాలు వేలల్లో ఉంటాయి, రకం కూడా వేరే ఉంటుంది, నీరు గంజిలా వస్తుంది, రోగి ఇరవై రోజులు ఆగడు. షుగర్ తక్కువ, ప్రొటీన్ ఎక్కువ, లింఫోసైట్లు ఎక్కువ, జ్వరం వారాల తరబడి: ఈ నాలుగూ ఒకచోట చేరితే మన దేశంలో మొదట తలుచుకోవాల్సింది టీబీనే. ఒక రకం ఫంగస్ కూడా ఇలాగే ఉంటుంది, ముఖ్యంగా హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో. అందుకే హెచ్ఐవీ టెస్ట్ చేస్తామంటారు, అవమానంగా అనుకోకండి, టీబీ తేలిన ప్రతివాళ్ళకీ హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు చేయడం రూలు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఈ మిషన్లేవీ లేవు. మా ప్రొఫెసర్ గారు అనుమానం ఉన్న నీటిని ఒక గాజు గొట్టంలో పోసి, కదపకుండా స్టాండులో పెట్టి రాత్రంతా వదిలేయమనేవారు. పొద్దున్నే వెళ్ళి కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే, మంచినీళ్ళలా ఉన్న ఆ నీటి మధ్యలో పైనుంచి కిందికి సన్నటి సాలెగూడు వేలాడుతూ ఉండేది. నర్సమ్మ ఇంకా లైటు వేయకముందే మేం వార్డులో ఆ గొట్టం పట్టుకుని నిలబడి, మంచం మీద పడుకున్న మనిషి వంక చూసేవాళ్ళం, అప్పటికే అతని జబ్బు పేరు తెలిసిపోయినట్టే, టీబీ అని. ప్రొటీన్ గడ్డకట్టి అలా తయారవుతుంది. ఈ రోజుల్లో కుర్ర డాక్టర్లు అది చూసి ఉండరు, కొంచెం బాధే అనుకోండి.

సరే, మీ అసలు ప్రశ్నకి వస్తాను: మిషన్ లేదంది, డాక్టరు ఉందంటాడు, ఎవరిని నమ్మాలి? డాక్టరునే. మీరు చెప్పిన మిషన్ పరీక్ష సీబీనాట్. మంచి పరీక్ష, రెండు గంటల్లో చెప్పేస్తుంది, ఉందని చెప్తే ఉన్నట్టే, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పని చేస్తుందో లేదో కూడా చెప్తుంది. కానీ లేదని చెప్తే మాత్రం లేనట్టు కాదు. ఊపిరితిత్తుల టీబీలో కళ్ళెలో సూక్ష్మజీవులు లక్షల్లో ఉంటాయి. వెన్ను నీటిలో చాలా తక్కువ, మీరు తీయించిన ఆ రెండు చెంచాల్లో అవి పడకపోవచ్చు. చెరువులో గాలం వేసి చేప దొరక్కపోతే చెరువులో చేపల్లేవని ఎవరూ అనరు కదా. మెదడు టీబీ నిజంగా ఉన్న పదిమందిలో ముగ్గురు నలుగురిని ఈ మిషన్ వదిలేస్తుంది. కల్చర్ అని ఇంకో పరీక్ష ఉంది, అందులో సూక్ష్మజీవిని పెంచి చూస్తారు, అది తేలడానికి ఆరు వారాల దాకా పడుతుంది, మెదడు టీబీ ఉన్న మనిషి మందు లేకుండా ఆరు వారాలు ఆగడు. అందుకే అనుమానం బలంగా ఉంటే రుజువు కోసం ఆగకుండా మందులు మొదలుపెట్టాలి. మీ డాక్టరు చేసింది తొందరపాటు కాదు, ఆయన ఆగి ఉంటే నేను తప్పు పట్టేవాణ్ణి.

దగ్గు లేదు కదా అన్నారు. చాలామందికి ఉండదు. ఎప్పుడో ఊపిరితో లోపలికి పోయిన సూక్ష్మజీవి రక్తంలో కలిసి మెదడు పొర దగ్గర ఒక చిన్న గూడు కట్టుకుని నెలలో ఏళ్ళో గమ్మున ఉంటుంది, ఒకరోజు ఆ గూడు పగిలి నీటిలో పడుతుంది. అక్కణ్ణుంచి మెదడు అడుగు భాగంలో జిగురులాంటి పదార్థం పేరుకోవడం మొదలు. మీ ఆయన సుతారి కాబట్టి కోలుకున్నాక ఆయనకి ఇలా చెప్పండి: డ్రైనేజీ పైపులో సిమెంటు పాలు పడి గట్టిపడితే ఏమవుతుందో తలలో అదే అయింది అని. నీరు పోయే దారి మూసుకుంటే లోపల నీరు పెరిగి వాంతులు, మగత. కంటిని కదిపే నరం ఆ జిగురులో ఇరుక్కుంటే ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. రక్తనాళం ఇరుక్కుంటే పక్షవాతం.

ఇక ఆ ఇరవై రోజులు. మీ ఆర్ఎంపీ మీద కోపం వద్దు, కానీ ఏం జరిగిందో తెలుసుకోవాలి. టైఫాయిడ్ అని తేల్చింది వైడాల్ టెస్ట్ చూసి. ఆ టెస్ట్ ఒక్కసారి చేస్తే నమ్మదగ్గది కాదు, ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, వేరే జ్వరాలకీ కూడా పాజిటివ్ చూపిస్తుంది, మన దగ్గర వారం దాటిన జ్వరం ప్రతిదీ టైఫాయిడ్ అయి కూర్చోవడానికి కారణం ఇదే. మరి మందులకి తగ్గింది కదా అంటారు. మీరు ఫోటో తీసి పంపిన చీటీలో రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి ఆఫ్లోక్సాసిన్. ఆ జాతి మందులు టీబీ మీద కూడా కొంచెం పని చేస్తాయి, చంపవు, నాలుగు రోజులు నోరు నొక్కి ఉంచుతాయి. రెండోది డెక్సా, అంటే స్టిరాయిడ్. అది ఏ జ్వరాన్నైనా, ఏ తలనొప్పినైనా పూటలో దించేస్తుంది, అందుకే ఊళ్ళో దానికంత పేరు, ‘ఆయన సూదేస్తే లేచి కూర్చుంటారు’ అని. లోపల జబ్బు మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది. తగ్గి మళ్ళీ వచ్చిన జ్వరం, అదీ తలనొప్పితో, రెండు వారాలు దాటితే అది టైఫాయిడ్ మూడోసారి కాదు, పెద్దాసుపత్రికి పోవాల్సిన జ్వరం.

విచిత్రం ఏంటంటే, ఇప్పుడు మీ ఆయనకు ఆసుపత్రిలో ఎక్కిస్తున్నది కూడా అదే డెక్సా. తప్పు కాదు. 2004లో వియత్నాంలో 545 మంది మెదడు టీబీ రోగుల మీద చేసిన పరిశీలనలో, టీబీ మందులతో పాటు డెక్సా ఇచ్చినవాళ్ళలో తొమ్మిది నెలల్లో చనిపోయినవాళ్ళు నూటికి 32, ఇవ్వనివాళ్ళలో 41. టీబీ మందుల కాపలా ఉన్నప్పుడు అది వాపుని తగ్గించి ప్రాణం నిలబెడుతుంది, కాపలా లేనప్పుడు దొంగకి తలుపు తీస్తుంది. ఆ అంకెలు చూసి మీరు బెదిరిపోతారని తెలుసు, అయినా దాచను. ఇది పెద్ద జబ్బు. కానీ ఆ లెక్కలో స్పృహ పూర్తిగా తప్పాక వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మందు మొదలుపెట్టిన రోజు మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నదాన్ని బట్టే చాలావరకు ముందు సంగతి ఉంటుంది, మీ ఆయన మగతలో ఉన్నా పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు వచ్చేదాకా ఈ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు ఎవరూ బతికేవాళ్ళు కాదు.

మెదడు ఇన్ఫెక్షన్లన్నీ ఇలా వారాల తరబడి సాగవు, మిగతా పాఠకుల కోసం ఇది చెప్పాలి. బ్యాక్టీరియాతో వచ్చే మెదడు పొరల వాపు గంటల జబ్బు: పొద్దున బాగానే ఉన్నవాడు సాయంత్రానికి తీవ్రమైన జ్వరం, తల పగిలిపోయే నొప్పి, మెడ పట్టేసి గడ్డం ఛాతీకి ఆనకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఒక్కోసారి ఒంటి మీద నొక్కినా పోని ఎర్రటి మచ్చలు. అక్కడ స్కాన్ ఆలస్యమైతే మొదటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ముందే వేసేస్తారు, పరీక్ష తర్వాత. చంటిపిల్లల్లో మెడ పట్టేయకపోవచ్చు, పాలు మానేస్తారు, ఎత్తుకుంటే ఇంకా కీచుగా ఏడుస్తారు, మాడు ఉబ్బుతుంది. వైరస్‌లు రోజుల జబ్బు. దోమకాటుతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కి మందు లేదు, టీకా ఉంది, మీ జిల్లాలో పిల్లలకు వేస్తుంటే వేయించండి. 2003 ఎండాకాలం చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది పోయారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే. అది చాందీపురా వైరస్ అని తర్వాత తేలింది, మట్టిగోడల పగుళ్ళలో ఉండే ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి. దానికీ మందు లేదు, ఫిట్స్ ఆపి, ఊపిరి నిలబెట్టి కాపాడుకోవడమే, అందుకే జ్వరం వచ్చిన బిడ్డకు ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టి, ఉల్లిపాయ వాసన చూపించి కాలం పోగొట్టకండి.

మందు ఉన్న వైరస్ ఒకటుంది, హెర్పిస్. దాని గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన రోజుల్లో ఒక డిగ్రీ కుర్రాణ్ణి తీసుకొచ్చారు, రెండు రోజులుగా తనలో తాను నవ్వుకుంటున్నాడు, లేని వాసనలు వస్తున్నాయంటున్నాడు, చెప్పిందే చెప్తున్నాడు. జ్వరం చూస్తే 99. వాళ్ళమ్మ గాలి అంది, నేను పరీక్షల టెన్షన్ అన్నాను, ఇద్దరం తప్పే. నిద్రమాత్ర రాసి పంపాను. మూడో రోజు ఫిట్స్‌తో తెచ్చారు. ఎసైక్లోవిర్ అనే ఇంజెక్షన్ ఎనిమిది గంటలకొకటి చొప్పున రెండు మూడు వారాలు ఇస్తే తగ్గే జబ్బు, అనుమానం వచ్చిన పూటే మొదలుపెట్టాలి. బతికాడు. కానీ పొద్దున ఏం తిన్నాడో సాయంత్రానికి గుర్తుండదు, ఇప్పటికీ వాళ్ళన్నయ్య షాపులోనే కూర్చుంటాడు. నేను అటు వెళ్ళినప్పుడల్లా కొత్తగా పరిచయం చేసుకుంటాడు. అప్పట్నుంచి జ్వరంతో పాటు మనిషి తీరు మారిందని ఇంట్లోవాళ్ళు చెప్తే, ఆ జ్వరం 99 అయినా సరే, నేను దాన్ని మెదడు జబ్బుగానే మొదలుపెడతాను. మీ పాపను ఆయన గుర్తుపట్టలేదన్న ముక్క చదివాకే నేను ఆ ఒక్క లైను జవాబు రాశాను.

ఇంకో రెండు సంగతులు చెప్పేసి మీ దగ్గరికి వస్తాను. పొలాలకీ, పొదల్లోకీ పోయేవాళ్ళకు జ్వరంతో మగత వస్తే బట్టలు విప్పి చంకలు, గజ్జలు, మొలతాడు కింద వెతకండి, సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి చెక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, చౌకగా దొరికే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది. జ్వరమే లేకుండా పెద్దవాళ్ళకి కొత్తగా ఫిట్స్ వస్తే బద్దె పురుగు గుడ్లు మెదడుకి చేరి ఉండొచ్చు. క్యాబేజీ తింటే వస్తుందని వాట్సాప్‌లో తిరిగేది సగం నిజం, తప్పు క్యాబేజీది కాదు, మనిషి మలంతో కలుషితమైన నీళ్ళదీ, కడగని చేతులదీ. మాంసం ముట్టనివాళ్ళకూ వస్తుంది.

ఇక ఈ ఏడాది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత ఏడు నుంచి పది నెలలు మూడు మందులు, మోతాదు ఆయన బరువుని బట్టి. పరగడుపున వేసుకోవడం మంచిది, వాంతి వస్తే డాక్టరుని అడిగి మార్చుకోండి. మొదటి రోజే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, చెమట, కన్నీళ్ళు కూడా, బనియన్లకు మరక పడుతుంది, రక్తం కాదు, భయపడకండి. అది రిఫాంపిసిన్ రంగు. భయపడాల్సింది వేరే: కళ్ళు పచ్చబడటం, అన్నం చూస్తేనే వికారం, ఆగని వాంతులు. అప్పుడు ఆ పూట మాత్ర వేయకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, కాలేయం దెబ్బతింటోందేమో చూస్తారు. ఎరుపు రంగు వెలిసినట్టు కనిపిస్తోందంటే అది ఇథాంబ్యుటాల్ వల్ల కావచ్చు, అదీ చెప్పాలి. ఫిట్స్ మాత్రలు కూడా వాడుతుంటే వాటి బలాన్ని ఈ రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది, మోతాదు డాక్టరు సరిచూస్తారు, మీరే మార్చకండి. సాయంత్రం పని దిగాక కాస్త మందు అలవాటుందని రాశారు. ఈ మందూ ఆ మందూ ఒకే కడుపులో పొసగవు, కాలేయం ఒక్కటే, రెండిటినీ మోయలేదు. ఏడాది మానేయాల్సిందే, మేస్త్రీ ఎంత బలవంతం చేసినా.

డెక్సా ఆరు నుంచి ఎనిమిది వారాలు, మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ఆకలి విపరీతంగా వేస్తుంది, ముఖం ఉబ్బుతుంది, బాగా లావయ్యాడని చుట్టాలు మెచ్చుకుంటారు, వినకండి. మధ్యలో అయిపోయాయని టక్కున ఆపితే ప్రమాదం. ఒకటి ముందే చెప్తున్నాను, ఇది తెలియక చాలామంది మందులు పని చేయడం లేదని మానేస్తారు: బాగా కోలుకుంటున్న మనిషికి నెల, రెండు నెలల తర్వాత మళ్ళీ తలనొప్పో, ఫిట్సో రావచ్చు, స్కాన్‌లో కొత్త గడ్డలు కూడా కనిపించవచ్చు. చచ్చిన సూక్ష్మజీవుల మీద మన ఒంటి రక్షణ సైన్యం ఎగబడటం వల్ల వచ్చే వాపు అది చాలాసార్లు. ఒక్కోసారి నీరు పెరిగిపోయి తలలోంచి పొట్టలోకి చర్మం కింద ట్యూబు వేయాల్సి వస్తుంది, ఒక్కోసారి రక్తంలో ఉప్పు తగ్గిపోయి ఉంటుంది, ఒక్కోసారి మందుకు లొంగని టీబీ కావచ్చు. ఏదన్నది డాక్టరు తేల్చాలి, కాబట్టి తలనొప్పి తిరగబెట్టినా, మగత వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్ళండి.

పిల్లల సంగతి. మెదడులో ఉన్న టీబీ ఎవరికీ అంటుకోదు. ఛాతీలో కూడా ఉంటేనే దగ్గు ద్వారా అంటుకుంటుంది, అందుకే ఆయనకు ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష చేయించారో లేదో అడగండి. ఉందని తేలితే మీ ఇద్దరు పిల్లలకూ, మీకూ, మీ అత్తగారికీ పరీక్షలు చేసి, జబ్బు లేనివాళ్ళకు రాకుండా ఉండే మాత్రలు ఇస్తారు. కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేయకండి, టీబీ కంచం ద్వారా రాదు. అసలే గుర్తు తప్పి తేరుకుంటున్న మనిషికి తన ఇంట్లో తన కంచం వేరైందని తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. పిల్లలకు పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా గుర్తు ఎడమ భుజం మీద ఉంటుంది, ఆ టీకా వేసేదే ముఖ్యంగా పసిపిల్లల్లో ఈ మెదడు టీబీ రాకుండా.

డబ్బు గురించి మీరు అడగలేదు, అడగడానికి మొహమాటపడి ఉంటారు. టీబీ మందులు ఏడాదంతా ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నా సరే, వాళ్ళు నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ జాబితాలో పేరు నమోదు చేయాలి, అది వాళ్ళ దయ కాదు, చట్టం. తిండికోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు ముందు 500 ఉండేది. ఆధార్, పాస్‌బుక్ నకలు మీ ఊరి ఆశా వర్కర్‌కి ఇస్తే ఆమే పని చూసిపెడుతుంది. అనుమానం ఉంటే 1800116666కి ఫోన్ చేయండి, ఉచితం. ఆసుపత్రి బిల్లు గురించి అక్కడే ఆరోగ్యమిత్రను కలవండి.

తాయెత్తు తీసేయాలా అని చివర్లో అడిగారు. ఉండనివ్వండి, మీ అత్తగారి మనసుకి ధైర్యం, మాత్రకి అడ్డం రాదు. ఎమ్మారై తీసేటప్పుడు మాత్రం విప్పాలి, లోపల రాగిరేకు ఉంటుంది కదా.

నేను ఆయన్ని చూడలేదు, చూస్తున్న డాక్టరు చెప్పిందే వినండి. మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది, అది డాక్టరు కూడా చేయలేడు. పాపది పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని పొద్దున, సాయంత్రం నాలుగు ముక్కలు రాయండి: జ్వరం ఎంత, ఎన్నిసార్లు వాంతి, పిలిస్తే పలికారా తట్టి లేపాల్సి వచ్చిందా, ఈ రోజు వారం ఏంటి, ఎదురుగా ఉన్నదెవరు అని అడిగితే ఏం చెప్పారు. రౌండ్స్‌లో డాక్టరు ఉండేది రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాల్లో ‘అలాగే ఉందండీ’ అనకుండా ఆ నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టండి. ఆయన పాప పేరు సరిగ్గా చెప్పిన రోజు తారీఖు వేసి నాకు కూడా ఒక ఫోటో పంపండి.